కునుకు కాపలా

గంటె తిప్పుతూ తిప్పుతూనే సారలమ్మ కళ్లు మూసుకుపోయాయి. రెప్ప అలా వాలిందో లేదో, ఎవరో వెనకనుంచి బావిలోకి నెట్టినట్టు ఒళ్లంతా ఉలిక్కిపడింది. చూస్తే ముఖం ఉప్మా గంజు మీదికి వంగిపోయి ఉంది. ఆవిరి గడ్డానికి చురుక్కున తగిలింది. గంటె కాడను రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిగింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆ గుండె సంగతి తెలిసిన మనిషి గనక, అది అలా కొట్టుకోవడంతో మరింత హడలిపోయింది.

"ఏవే సారలా, రవ్వతో పాటు నువ్వూ ఉడుకుతావా ఏంటి? ఇలా తే ఆ గరిట," అంటూ అమ్మాజీ కూరగాయల బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఏం లేదక్కా. పొగ కండ్లల్ల వడ్డది."

"గ్యాసు పొయ్యికి పొగెక్కడిదే, నా తల్లీ!"

అమ్మాజీది గోదావరి పక్క. భర్త తాపీ పని వెతుక్కుంటూ హైదరాబాదు వస్తే వెంట వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. సీతాఫల్‌మండిలో కూతురు అలేఖ్య దగ్గర ఉంటుంది. అరవై దాటినా మనిషి గట్టి పిండం. పొట్టిగా, బొద్దుగా, ముక్కుకు రెండు పక్కలా పుడకలతో, నడిస్తే నేల అదిరేటట్టు ఉంటుంది. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం, తప్పు చేసినవాళ్లను తిట్టడం ఆమె పనులు. మూడోదానికి జీతం లేదు గానీ, శ్రద్ధ మాత్రం దాని మీదే ఎక్కువ.

సారలమ్మ ఆమె పక్కన ఎండిన చెరుకుగడలా ఉంటుంది. ములుగు పక్క పల్లె ఆమెది. యాభై ఏళ్లు నిండాయో లేదో, చూసినవాళ్లు మాత్రం అమ్మాజీ కంటే పెద్దదనుకుంటారు. కళ్ల కింద నల్లటి గుంటలు. ఒళ్లంతా చిక్కిపోయింది గానీ పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడి ఉంటాయి. వేలితో నొక్కితే సొట్ట పడి, ఆ సొట్ట ఎంతసేపటికీ పూడదు. ఆ పాదాలను పరశురాం కంట పడకుండా చీర కుచ్చిళ్లు కిందికి లాగుకుంటూ ఉంటుంది.

పరశురాం మెస్సు సూపర్‌వైజరు. చెడ్డవాడేమీ కాదు, పైవాళ్లంటే భయం ఉన్నవాడు. ఉప్మా దించుతుండగా అతను లోపలికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"ఉల్లిగడ్డలు తగ్గుతున్నయని కాంట్రాక్టర్ సార్ గరమైతుండు. ఇయ్యాల్టి సంది లంచ్ అయినంక స్టోర్‌రూముకు తాళం. గాడ కూసునుడు, ఒరుగుడు ఏం నడ్వది. ఎవ్వలన్న పండుకొని దొరికిన్రనుకో, నేనేం చెయ్యలేను, నౌకరి పోతది."

సారలమ్మ స్టోర్‌రూమ్ తలుపు వైపు చూసింది. స్టోర్‌రూమ్ అంటే మిగతావాళ్లకు బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు. ఆమెకు మాత్రం ఈ భూమ్మీద నిద్ర దొరికే ఒకే ఒక్క చోటు.

ఏడాది కిందట ఆయాసంతో ఆసుపత్రిలో పడితే, గుండె సరిగా పంపు కొట్టడం లేదని చెప్పారు. ఇది పూర్తిగా నయమయ్యేది కాదనీ, మందులు వాడుకుంటూ, ఉప్పు మానేసి, నీళ్లు తగ్గించి జాగ్రత్తగా ఉండాలనీ డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. చెప్పిన పద్ధతికి సారలమ్మ భయపడలేదు. భయం పక్క మంచం నుంచి పట్టుకుంది. ఆ మంచం మీద రాములవ్వ అనే ముసలమ్మ ఉండేది. తనదీ ఇదే జబ్బు. పొద్దుపోయేదాకా మనవరాలి పెళ్లి ముచ్చట్లు చెప్పి, "పొద్దుగాల లేపు బిడ్డా, చాయ తాగుదాం," అని అటు తిరిగి పడుకుంది. పొద్దున సారలమ్మ లేపింది. ముసలమ్మ లేవలేదు. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. చిన్న మూలుగు కూడా లేదు. అదీ ఆమెను పట్టుకున్న బుగులు. నొప్పితో పోతే కనీసం తెలుస్తుంది కదా, కొడుకునైనా పిలవొచ్చు. తెలియకుండా పోవడమేమిటి?

అప్పటినుంచి నిద్ర అంటే ఆమెకు చీకటి గదిలో తెరిచి ఉన్న బావే. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, రొమ్ము నిండా నీళ్లు పోసినట్టవుతుంది. అందుకని గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకుతుంది. మెడ వాలగానే ఊపిరి ఆగిపోయినట్టనిపించి ఉలిక్కిపడి లేస్తుంది. దానికి తోడు ఒక తెలివితక్కువ పని కూడా చేసింది. ఒంట్లో నీరు తీసే గోలీ పొద్దున వేసుకోమన్నారు. పొద్దున వేసుకుంటే మాటిమాటికీ బాత్‌రూముకు పోవాలి, మూడొందల మందికి ఉప్మా పొయ్యి మీద పెట్టుకుని ఎట్లా పోతుంది? తనకు తానే ఆ గోలీని రాత్రికి మార్చుకుంది. ఇంక రాత్రంతా లేవడమే, కూర్చోవడమే. మాణికేశ్వర్‌నగర్ బస్తీలో ఆమె ఉండేది ఒక్క గది. మధ్యలో కట్టిన చీరకు అవతల కొడుకు నాగేష్, కోడలు ప్రవళిక పడుకుంటారు. వాళ్లకు వినపడుతుందని దగ్గు వస్తే చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది. కొడుకుకు చెబితే పని మానేయమంటాడు. పని మానేస్తే పగలు కూడా ఆ గదిలోనే, ఆ భయంతోనే, ఒక్కతే కూర్చోవాలి.

ఈ గుట్టు పసిగట్టింది అమ్మాజీయే. ఒకరోజు పప్పు గంజు దగ్గర సారలమ్మ తూలితే జబ్బ పట్టుకుని స్టోర్‌రూములోకి లాక్కెళ్లి, రవ్వ బస్తాలు ఎత్తుగా పేర్చి కూలేసింది. "పడుకో. నేనిక్కడే ఉండి వెల్లుల్లి ఒలుచుకుంటాను. ఊపిరి ఆగిందంటే లేపుతాను. ఆగలేదంటే వదిలేస్తాను. సరేనా?" అంది. ఆ మాటలో ఏముందో గానీ సారలమ్మకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నిద్ర పట్టింది.

అప్పట్నుంచి అదొక రివాజు అయిపోయింది. మధ్యాహ్నం వడ్డన అయ్యాక సారలమ్మ బస్తాలకు ఒరుగుతుంది. అమ్మాజీ ఆమె కాళ్ల దగ్గర వెల్లుల్లి చేట పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యమధ్యలో సారలమ్మ బొటనవేలు నొక్కుతుంది. నిద్రలోనే సారలమ్మ ఆ వేలు ఆడిస్తుంది. ఆడిందంటే ఉన్నట్టు లెక్క. చూసేవాళ్లు ఉంటే నవ్వుకునేవాళ్లేమో, వాళ్లిద్దరికీ మాత్రం అందులో నవ్వేదేమీ కనపడలేదు. ఆ ఒక్క కునుకు మీదే సారలమ్మ ఇన్నాళ్లూ నెట్టుకొస్తోంది.

ఇప్పుడు దానికి తాళం పడింది. అందులోనూ వరసగా కొన్ని రాత్రులుగా కన్ను మూయలేదేమో, కళ్ల ముందు గోడలు కదులుతున్నట్టుంది.

"అట్లా బిగుసుకుపోకు. ఆ పరశురాం సంగతి నేను చూసుకుంటాను," అంది అమ్మాజీ. అంటూనే రొమ్ము మధ్యలో అరచేత్తో రుద్దుకుంది. "పొద్దుట్నించీ గ్యాసు పట్టేసిందే బాబూ. దవడ దాకా లాగేస్తంది. టిఫిన్లయ్యాక తార్నాక దాకా వెళ్లి గ్యాసు పొడి పట్టుకురా, నీకు పుణ్యముంటుంది."

అమ్మాయిలు తిని క్లాసులకు వెళ్లాక సారలమ్మ బయల్దేరింది. క్యాంపస్ రోడ్డు మీద చెట్ల నీడలు చల్లగా పడి ఉన్నాయి. వాకింగు చేసే పెద్దమనుషులు ఆమెను దాటుకుని చేతులు ఊపుకుంటూ పోతున్నారు. ఆమె నాలుగు అడుగులు వేసి ఆగడం, ఎవరైనా చూస్తే చెప్పు సర్దుకున్నట్టు నటించడం, మళ్లీ నడవడం. తార్నాక చౌరస్తా చేరేసరికి మెట్రో పైన గడగడమని పోతుంటే ఆ అదురు తన రొమ్ములోనే అనిపించి భయమేసింది. కాసేపు పిల్లర్ పట్టుకుని నిలబడింది.

మెడికల్ షాపు అతను సోమయాజులు అనే ముసలాయన. కళ్లద్దాల మీదినుంచి చూసి, పొడి ప్యాకెట్టు తీస్తూ, "నీకేనా అమ్మా?" అని అడిగాడు.

"మా అక్కకు. ఛాతిల గ్యాస్ పట్టిందట. దౌడ గుంజుతున్నదట."

ఆయన చెయ్యి ఆగింది. "ఎన్నేళ్లుంటాయి ఆవిడకి? చెమటలేమైనా పడుతున్నాయా?"

"అరవై దాటినయ్. చెమటలా... ఏమో సార్."

"చూడు. ఆ వయసులో దవడ లాగుతోందంటే గ్యాసని ఊరుకోకూడదు. చెమటలు కూడా పడుతుంటే ఈ పొడీ గిడీ మానేసి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మర్చిపోకుండా చెప్పు."

"చెప్త సార్," అంది సారలమ్మ. తర్వాత గొంతు తగ్గించి, నిద్ర గోలీ ఏమైనా ఇస్తారా అని అడిగింది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడు ఆయన.

నిజంగానే చెబుదామనుకుంది. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చింది. కానీ ఆసుపత్రి అంటే ఆటో పిలవాలి, అలేఖ్య రావాలి, అమ్మాజీ వెళ్లిపోవాలి. అమ్మాజీ వెళ్లిపోతే మధ్యాహ్నం? ఆ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఆమె కాళ్లు మరింత బరువెక్కాయి. మెస్సు గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మాజీ సొరకాయలు తరుగుతూ కనిపించింది. నుదురంతా చెమట. జాకెట్టు వీపున తడిసి అంటుకుపోయి ఉంది. సారలమ్మ అది చూసింది. చూడలేదని చెప్పడానికి లేదు. వంటింట్లో ఎవరికి చెమట పట్టదు, పొయ్యిలన్నీ మండుతున్నాయి కదా, తనకూ పట్టింది కదా అనుకుంది. అనుకుని ప్యాకెట్టు నీళ్లలో కలిపి ఇచ్చింది.

"షాపాయన ఏవన్నాడు?" అంది అమ్మాజీ గ్లాసు అందుకుంటూ.

"ఏమంటడు. తాగితే తక్కువైతదన్నడు."

అమ్మాజీ తాగి గట్టిగా తేన్చి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అంది. ఆ తేన్పుతో సారలమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. చూశావా, గ్యాసే, అని తనకు తాను చెప్పుకుంది.

మధ్యాహ్నం అన్నం, సొరకాయ పప్పు, చారు. సారలమ్మ ఎప్పటిలాగే ఉప్పు తను చూడకుండా అమ్మాజీ అరచేతిలో చారు చుక్క వేసింది. అమ్మాజీ నాకి, "ఇంకో గుప్పెడు," అంది. వడ్డన హడావిడిలో ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. హాలు ఖాళీ అయ్యాక పరశురాం తాళంచెవుల గుత్తితో వస్తే, అమ్మాజీ నడుం మీద చెయ్యి పెట్టుకుని అడ్డంగా నిలబడింది.

"రేపు చికెన్ కూరకి వెల్లుల్లి ఎవడు ఒలుస్తాడు, నువ్వా? ఎండలో కూర్చుని ఒలవమంటావా నన్ను, ఈ వయసులో? తాళంచెవి ఇలా ఇయ్యి. ఉల్లిపాయలు నేను తినేస్తానని భయమైతే లెక్కెట్టుకుని వెళ్లు."

"అమ్మా, నీకు దండం పెడ్త, నీతోని వాదులాట నాతోని కాదు," అని పరశురాం తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "ఒరుగుడు మాత్రం వద్దు, చెప్తున్న," అంటూ పోయాడు.

అతను పోగానే అమ్మాజీ గుమ్మం మీద కూలబడింది. ముఖంలో రంగు లేదు. పోయిన పరశురాంను ఒక్క తిట్టైనా తిట్టలేదు. అది ఆమె చరిత్రలోనే లేని విషయం.

"ఒళ్లంతా అదోలా ఉందే సారలా. ఇవాళ్టికి ఇంటికెళ్లిపోదావనిపిస్తంది."

అప్పుడైనా చెప్పొచ్చు. షాపు ఆయన మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ దాని కంటే ముందు ఇంకో మాట వచ్చేసింది.

"పోతవా అక్కా? ఇయ్యాల్నే?"

అంతే అంది. అన్నప్పుడు తన ముఖం ఎలా ఉందో సారలమ్మకు తెలియదు. అమ్మాజీ మాత్రం ఆ ముఖం వైపు చాలాసేపు చూసింది.

"సర్లే, నీ మొహం తగలెయ్యా. అక్కడికెళ్లినా పడుకోవడవే, ఇక్కడైనా కూచోవడవే. పద," అని గోడ పట్టుకుని లేచింది.

స్టోర్‌రూములో ధనియాల వాసన, గోనె వాసన. తలుపు లోపల గడియ పెట్టారు. పై కిటికీలోంచి పడిన ఎండ పప్పు బస్తా మీద చాప పరిచినట్టుంది. సారలమ్మ రవ్వ బస్తాలకు ఒరిగి కాళ్లు చాపింది. అమ్మాజీ కందిపప్పు బస్తాకు వీపు ఆనించి చేట ఒళ్లోకి లాక్కుంది.

"అక్కా, కునుకు వడితే లేపుతవ్ గదా, మరీ లోపటికి పోతే?"

"ఇవాళ లేపను. నీ అంతట నువ్వు లేచేదాకా పడుకో. నేనెక్కడికీ వెళ్లనుగా."

బొటనవేలి మీద చెయ్యి పడింది. సారలమ్మ వేలు ఆడించింది. వెల్లుల్లి పొట్టు చిటచిటమనడం కాసేపు వినిపించింది.

మెలకువ వచ్చేసరికి ఎండ కిటికీలోంచి పోయింది. ఎవరూ లేపలేదు, ఉలిక్కిపడి లేవలేదు. పండు ముగ్గి దానంతటది రాలినట్టు మెల్లగా లేచింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. ఎన్ని నెలలకో ఆకలి కూడా వేసింది. బతికే ఉన్నానన్న సంతోషం ఒంట్లో పాకితే, ఆ గోనె సంచుల మధ్య ఒక్కతే నవ్వుకుంది.

అప్పుడు అమ్మాజీ వైపు చూసింది. పప్పు బస్తాకు ఆనుకుని, తల ఒక పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని ఉంది. సారలమ్మకు ముందు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపమే వచ్చింది. "నువ్వు గూడ పండుకున్నవా అక్కా? మరి నన్ను చూసిందెవలు?" అంది. జవాబు లేకపోతే భుజం పట్టుకుని కుదిపింది. ఒళ్లోంచి చేట జారి తెల్లటి రెబ్బలన్నీ నేల మీద దొర్లాయి. మెడ దగ్గర చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

పరశురాం పేరు పెట్టి కేక వేసింది. గడియ ఎట్లా తీసిందో తెలియదు. పరశురాం పరుగెత్తుకుంటూ వచ్చాడు. అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చిన అబ్బాయి నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, "చాలాసేపైందమ్మా," అన్నాడు. ఎవరూ సారలమ్మను ఏమీ అడగలేదు. ఆమె పండుకుందా అని పరశురాం కూడా అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. తిడితే ఇంకా బాగుండును. అతను అలేఖ్యకు ఫోను చేసి, ఆసుపత్రికి రమ్మని చెప్పి, అంబులెన్సు ఎక్కి వెళ్లాడు.

రాత్రి భోజనాలు మాత్రం ఆగవు కదా. సారలమ్మ పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. "చెమటలు పడుతుంటే" అన్న ముసలాయన మాట బియ్యం కడుగుతుంటే వినపడింది, గంజి వారుస్తుంటే వినపడింది. చెప్పి ఉంటే బతికేదా? ఎవరికి తెలుసు. చెప్పలేదన్నది మాత్రం తనకు తెలుసు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ ఏడుపు మధ్యలో, సిగ్గు లేకుండా, ఇంకో ఆలోచన వచ్చింది: రేపట్నుంచి నన్నెవరు చూస్తారు? తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా భయం పోలేదు.

ఫోను మోగింది. పరశురాం.

"సారలమ్మా, గీడ ఆధార్ కార్డు అడుగుతున్నరు. ఆమె బ్యాగుల ఉంటదని బిడ్డ చెప్తున్నది. జర చూసి పంపు."

కూరగాయల గదిలో అమ్మాజీ రోజూ బ్యాగు తగిలించే కొక్కేనికి ఏమీ లేదు. బల్ల కింద చూసింది, బియ్యం ఏరే అరుగు మీద చూసింది. చివరికి గత్యంతరం లేక స్టోర్‌రూము తలుపు తోసింది. లైటు వేసింది. వెల్లుల్లి రెబ్బలు నేల మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. రవ్వ బస్తాల మీద, మధ్యాహ్నం తను తల ఆనించిన చోట, కొత్తగా ఒక ఎత్తు కనపడింది. దగ్గరికి వెళ్లి చూసింది. నిద్రలో తల కిందికి జారితే ఊపిరాడదని ఎప్పుడో అమ్మాజీ లేచి తెచ్చి దూర్చినట్టుంది. టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టి, గుచ్చుకోకుండా పైన తన తువ్వాలు మడత పెట్టి మరీ దూర్చింది. వెతుకుతున్న చారల రెక్సిను బ్యాగే అది, జిప్పు కూడా వేసి ఉంది, మధ్యలో సారలమ్మ తల పట్టేంత గుంట అట్లాగే ఉంది.